నూట పన్నెండులో సున్నా

ఏ తారీఖన్నావు? మళ్ళీ చెప్పు. ఆగాగు, ఆ కళ్ళజోడు ఇటివ్వు, అది పెట్టుకుంటేగానీ నాకు వినపడదు. నవ్వకు, నీకూ వస్తుంది ఈ వయసు. ఆఁ, ఆగస్టు పందొమ్మిది. నూట పదకొండులో వాన ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు, నూట పదమూడులో నలభై నాలుగు, మధ్యలో మన నూట పన్నెండులో సున్నా. అంతేనా? మీ కంప్యూటరు దానికి ఎర్ర రంగు పూసిందన్నమాట. ఏం తెలివే దానికి! యాభై రెండేళ్ళు ఎవరి కంటా పడని సున్నాని, పాత రిజిస్టర్లు ఎక్కించడం మొదలెట్టిన వారానికే పట్టేసింది. రేపటికల్లా తేల్చకపోతే ఆ ఏడాది మొత్తం అనుమానం కింద పక్కన పెట్టేస్తారా? మొత్తమా? ఒక్క సున్నాకి మూడు వందల అరవై అయిదు రోజులా? అదెక్కడి న్యాయమే తల్లీ. సరేలే, రూలు నువ్వు పెట్టావా ఏంటి. చెప్తాను, చెప్పకేం. కానీ వరసలో చెప్పనీ. మధ్యలోంచి అందుకుంటే ఈ మధ్య నాకు అటు పోవడానికీ ఇటు రావడానికీ దారి దొరకడం లేదు. మొన్న పొయ్యి మీద పాలు పెట్టి... ఆ గొడవ ఇప్పుడెందుకు. మీ నాన్న చెవిన వేశావంటే ఊరుకోను.

మీ నానమ్మ నాకు వదిన. నువ్వు చూసిందెక్కడ, ఆవిడ పోయేటప్పటికి మీ నాన్నకే పదేళ్ళు. మా అన్నయ్య నీళ్ళ ట్యాంకు దగ్గర పంపులు నడిపేవాడు. ట్యాంకు వెనకాల రెండు గదుల ఇల్లిచ్చారు. వదిన కాపురానికొచ్చేసరికి నాకు పదమూడు. అయిదో తరగతితో బడి మానేసి, అన్నయ్యకి అన్నం వండిపెడుతూ, మాడబెడుతూ ఉండేదాన్ని. వచ్చిన రోజే గిన్నె అడుగు చూసి, "ఇన్నాళ్ళూ బొగ్గు తిని బతికారా మీ ఇద్దరూ?" అంది. నేను మాత్రం తక్కువదాన్నా, "మా అన్నయ్య నల్లగా ఉన్నాడని ఇప్పుడు తెలిసిందా వదినా?" అన్నాను. అదిగో, అక్కడ కుదిరింది మా ఇద్దరికీ. ఆవిడకి కోపమొస్తే ముక్కు చివర ఎర్రబడేది. కుడివైపు పన్ను ఒకటి కొంచెం వంకర. ఎడమవైపా? కుడే. కుడే అనుకుంటాను. చూశావా, ఇలాంటివే జారిపోతున్నాయి.

ఆ ఆవరణలో కంచె కట్టి లోపల వాన కొలిచే డబ్బా పెట్టారు. మోకాలెత్తు ఉండేది. పైన గరాటు, లోపల సీసా, దాంతో పాటు గీతలున్న గాజు గ్లాసు, అంతే. పొద్దున్న ఎనిమిదిన్నర కొట్టగానే సీసాలో నీళ్ళు గ్లాసులోకి వంచి, కంటికి ఎదురుగా పట్టుకుని, గీత చదివి రిజిస్టర్లో రాసి, ఆఫీసు ఫోన్లో పట్నానికి చెప్పాలి. అక్కడ వాన గది ఉంది. దేశం మొత్తం మీద అలాంటి డబ్బాలు మూడు వందల చిల్లర ఉంటే, అన్నిటి లెక్కా పొద్దున్నే ఆ గదికి చేరాలి. ఒక్కోదానికీ ఒక నంబరు. మాది నూట పన్నెండు. నిజానికి ఆ పని అన్నయ్యది. ఆయనేమో రాత్రి డ్యూటీ దిగి కుంభకర్ణుడికి అన్నలా పడుకునేవాడు. ఒకరోజు వదిన లేపితే కళ్ళు కూడా తెరవకుండా, "ఎండ మాడ్చేస్తోంటే కొలిచేదేంటే, సున్నా వేసెయ్" అన్నాడు. వదిన కొంగు దోపుకుని కంచె దాకా వెళ్ళి, సీసా వంచి చూసి, వచ్చి, అప్పుడు వేసింది సున్నా. "అదే కదా నేనూ చెప్పాను" అన్నాడు. "అది కాదు. మీరు చెప్పింది ఊరికే సున్నా. ఇది వెళ్ళి చూసిన సున్నా. చూడకపోతే అంకె బదులు అడ్డగీత పెట్టాలి" అంది. మరునాటి నుంచి ఆ పని వదినదే. పదకొండేళ్ళు. నాకు పాయింటు తర్వాత అంకె చదవడం, పేపరు చదవడం, ఆ తర్వాత చేతికందిన పుస్తకమల్లా చదవడం, అన్నీ ఆ రిజిస్టరు పక్కన కూర్చునే వచ్చాయి.

ఫోన్లో అవతల ఒకాయన ఉండేవాడు. పేరు మాకు తెలీదు, ఆయనకీ మా పేర్లు అక్కర్లేదు. "నూట పన్నెండా? చెప్పండి" అనేవాడు, దగ్గుతూ. ఆ దగ్గు కోసం వదిన మిరియాల కషాయం ఎలా కాచుకోవాలో కూడా చెప్పింది ఫోన్లో. అన్నయ్య ఆటపట్టించేవాడు. "పెళ్ళయిన ఇన్నేళ్ళకి నాకో తలనొప్పొస్తే అడగలేదు గానీ, పట్నంలో దగ్గుకి మందు పంపుతోంది చూడు నూట పన్నెండు." ఆ పేరే ఖాయమైపోయింది. పంపు మేస్త్రీ, పక్కింటి కుట్టుమిషను ఆవిడ, అందరూ "నూట పన్నెండుగారూ" అనేవాళ్ళే.

ఆ దగ్గాయన అంకె రాసుకున్నాక, వాన ఎందాకా వచ్చిందో చెప్పేవాడు. వదిన పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, దాని మీద దేశం పటం గీసి వంటింటి గోడకి కొట్టింది. ఎలా గీసిందనుకున్నావు, బడి పుస్తకం పక్కన పెట్టుకుని, మూడుసార్లు చెరిపి. తూర్పు తీరం కాస్త పొట్టపెట్టినట్టొచ్చింది, "దానికి నెలలు నిండాయి" అనేది. దాని మీద గుండుసూదులు గుచ్చి, విప్పేసిన స్వెట్టరు ఊలు దారం కట్టింది. వాన దక్షిణం కొసన అడుగుపెట్టిందనగానే దారం అక్కడ. మర్నాడు కాస్త పైకి. "డెబ్బై మూడు దాకా వచ్చిందే మరదలా, ఇంక నాలుగు రోజుల్లో మనింటికి" అనేది, చుట్టాలు రైలెక్కినట్టు. ఆ నాలుగు రోజులూ దుప్పట్లు ఉతకడం, కట్టెలు లోపల పెట్టడం, మా అన్నయ్యని ఇంటిపైకెక్కించి పెంకులు సర్దించడం. ఒక ఏడాది ఆ దారం పదకొండు రోజులు కదల్లేదు. అప్పుడు చూడాలి మా వంటింటిని, ఆసుపత్రిలో చీటీ కోసం నిలబడ్డట్టు జనం. ఒకళ్ళు తెల్లారకుండానే, "కదిలిందామ్మా?" అని. కూరల తోట పెట్టిన ముసలాయన ఆ పటం కింద కూర్చుని ఒక్క మాట మాట్లాడకుండా చూసి వెళ్ళిపోయేవాడు. ఇటుకల బట్టీ ఆయనకి మాత్రం బట్టీ కాలేదాకా వాన రాకూడదు. ఆయనొచ్చి గుసగుసగా, "దారం కాస్త కిందికి లాగి పెట్టమ్మా, ఎవరికీ చెప్పన్లే" అన్నాడు. వదిన ఊరుకుంటుందా? "నేను లాగితే కదిలేదైతే ముందు మా ఆయన్ని మంచం మీంచి లాగనా?" అంది. ఆ ముసలాయన కూడా నవ్వాడా రోజు.

అదిగో, అసలు మాట మర్చిపోతున్నాను. తొంభై ఏడు. తొంభై ఏడో నంబరు సముద్రం ఒడ్డున, దీపస్తంభం దగ్గర. అక్కడ కొలిచే మనిషిని మేం చూసింది లేదు, గొంతు విన్నది లేదు. ఒకరోజు దగ్గాయన, "తొంభై ఏడులో ఇవాళ గీత" అన్నాడు. వదిన ఫోను పెట్టేసి వచ్చి అన్నం ముట్టలేదు. "ఎప్పుడూ గీత పెట్టని మనిషే. ఏమైందో" అంటుంది. "గీతే కదా వదినా, సున్నాకీ దానికీ పెద్ద తేడా ఏముంది?" అన్నాన్నేను. నా నెత్తి మీద మొట్టింది. "పిచ్చిమొహమా, సున్నా అంటే వాన లేదు, మనిషున్నాడు. గీత అంటే మనిషికేదో అయింది." మూడు రోజులు గీతలే. నాలుగో రోజు అంకె వచ్చింది. ఎంతో కూడా చెప్పగలను, పన్నెండు పాయింటు రెండు. అంకె వచ్చిందని ఆ రోజు వదిన ఇంటిల్లిపాదికీ పాయసం... పాయసమేనా? ఏదో తీపి చేసింది. చూడు, ఊరూ పేరూ తెలియని మనిషి లెక్క గుర్తుంది, నా నోట్లో పెట్టిన ముద్ద గుర్తులేదు.

వస్తున్నానమ్మా, దానికే వస్తున్నాను. ఆగస్టు పదిహేడున వదినని ఆసుపత్రిలో చేర్చాం. కడుపులో పుండు పగిలిందన్నారు. పంపుల దగ్గరికి వరద నీళ్ళు వస్తున్నాయని అన్నయ్యకి సెలవివ్వలేదు. మీ నాన్నని కుట్టుమిషను ఆవిడ దగ్గర వదిలాం. నేనే ఉన్నాను వదిన దగ్గర. పద్దెనిమిదో తారీఖు పొద్దున్న ఒక్క పరుగున వెళ్ళి కొలిచి, చెప్పి, మళ్ళీ ఆసుపత్రికి వచ్చేశాను. పందొమ్మిది తెల్లవారుజామున వదిన నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది. రెండు రోజులకి అదే మొదటి నిద్ర. చెయ్యి లాగితే మెలకువొస్తుంది. రేకుల మీద వాన చప్పుడు వింటూ, గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఏడున్నర అయింది, ఎనిమిది అయింది, ఎనిమిదింపావు. వెళ్ళలేదు. సరిగ్గా ఎనిమిదిన్నర దాటాక కళ్ళు తెరిచింది, లోపలెక్కడో గంట కొట్టినట్టు. "వెళ్ళొచ్చావా?" అంది. వెళ్ళొచ్చానన్నాను. "ఎంత?" అంది. సున్నా అన్నాను. ఏదో ఒక అంకె అనొచ్చుగా! పైన రేకులు పగిలేట్టు కురుస్తోంటే సున్నా అన్నానే! వదిన కిందికి చూసింది. నా చెప్పులకి బురద లేదు. ముక్కు ఎర్రబడుతుందేమో అనుకున్నాను. నవ్వింది. ఆ వంకర పన్ను కనపడింది. "అబద్ధం చెప్పడం కూడా నేనే నేర్పి పోవాలా నీకు? కూర్చో. ఫోన్ చేసి గీత అని చెప్పు" అంది.

అందా? అంది. అందనే అనుకుంటున్నాను. అదే నా భయం, తల్లీ. యాభై రెండేళ్ళుగా ఆ మాట నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు చెవిలో వినపడేది వదిన గొంతో నా గొంతో తెలియడం లేదు. నవ్వింది మాత్రం నిజం. బురద లేని చెప్పులు నిజం.

వరండాలో నర్సు బల్ల మీద ఫోనుంది. ఆవిడ మళ్ళీ కళ్ళు మూశాకే లేచాను, పది దాటింది చేసేసరికి. దగ్గాయన ఎత్తాడు. "మీరు నూట పన్నెండు కాదే. ఆవిడేరీ?" అన్నాడు. నిద్రపోతోందన్నాను. "సరే, చెప్పండి." నోటి దాకా వచ్చింది గీత. అంటే ఏమవుతుంది? ఆయన రాసుకుంటాడు. ఎక్కడో దీపస్తంభం దగ్గర, ఇంకెక్కడో కొండ మీద, మేం చూడని వాళ్ళంతా, నూట పన్నెండులో గీత, ఆ మనిషికేదో అయింది అనుకుంటారు. ఆవిడ గదిలో ఊపిరి తీస్తోంటే నేను ఆవిడ లేదని దేశానికంతటికీ చాటింపు వేయాలా? నావల్ల కాలేదు. సున్నా అన్నాను. "సున్నానా? చుట్టుపక్కలంతా కుమ్మరించింది కదమ్మా" అన్నాడు. "సున్నానే" అన్నాను. ఆయన దగ్గాడు, రాసుకున్నాడు. మనిషుందని చెప్పానంతే. వాన సంగతి కాదు నేను చెప్పింది.

పన్నెండుకి పోయింది వదిన. అన్నయ్య తడిసి ముద్దై అప్పుడే వచ్చాడు. ఫోన్ చేసొచ్చాక గంటన్నర కూర్చున్నాను ఆవిడ పక్కన, ఏం చెప్పావని అడగలేదు, నేనూ చెప్పలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి ముందు ఆ కంచె దగ్గరికే వెళ్ళాను. సీసా నిండి పొంగి డబ్బాలోకి పోయింది. పొద్దుటి నీళ్ళూ, ఆవిడ పోయాక పడ్డ నీళ్ళూ అన్నీ కలిసిపోయాయి. ఎన్ని ఏ పూటవో ఎవరు చెప్తారు? అక్కడే కూర్చుని మొత్తం నేల మీద పోసేసి, లోపలికెళ్ళి రిజిస్టర్లో ఆ సున్నా వేశాను. నువ్వన్నావే, మిగతా సున్నాలకి పైన చిన్న తోక ఉంది, దీనికి లేదని. వదిన సున్నా అలాగే వేసేది, దారం ముడేసినట్టు. నాకు రాలేదా ముడి. ఇరవయ్యో తారీఖు నుంచి వేరేవాళ్ళొచ్చారు కొలవడానికి. ఎవరికీ చెప్పలేదు, మా అన్నయ్యక్కూడా. ఆయన పోయేదాకా పటం తియ్యలేదు గోడ మీంచి. దారం ఆగస్టులో ఎక్కడుందో అక్కడే.

నీ ఎదురుగా ఉంది కదా ఆ మిషను, తెరువు. నేను చూస్తుండగా కొట్టు. మళ్ళీ రేపు అడిగితే నాకీ వరస ఉంటుందో ఉండదో. సున్నా తీసెయ్. తీశావా? గీత పెట్టు. పక్కన రాయడానికి చోటుంటే, కొలవడానికి వెళ్ళాల్సింది మరదలు, వెళ్ళలేదు అని రాయి. వదిన తప్పు కాదని రాయి. అంత రాయనివ్వరా? సరే, గీత చాలు. ఆ గీత చూసి ఎవరైనా ఒకళ్ళు, ఏమైందో అనుకుంటారు కదా. అనుకోనీ. ఏదీ, చూపించు. ఇంతేనా? ఇంత చిన్నదా...

ఆ చప్పుడేంటి? చినుకులా? కిటికీలోంచి తొంగిచూసి చెప్పకు. లేచి వెళ్ళి చూసి రా.