అడుగు వరస దుంగలు

ఫిల్మ్‌నగర్ దగ్గర ఒక పోలీస్ స్టేషన్. సాయంత్రం. ఎస్సై నర్సింహ, ఎదురుగా వడ్రంగి అంతోని.

"ఒక్క దెబ్బనా, రెండా?"

"రెండండీ. మొదటిదానికి ఎముక విరగలేదు."

"అందుకని ఇంకోటి ఏసినవ్?"

"వేశానండీ. మోచెయ్యి మీద. అప్పుడు ఫట్‌మంది."

"డెబ్బై ఏండ్లు మీద పడ్డయ్, సిగ్గు లేదా? కాంట్రాక్టర్ లియో నెత్తుట్ల పొర్లుతుంటే పక్కనే కూసున్నవంట!"

"సీల్ వేశారా సార్?"

"ఏం సీల్?"

"ఆ దుంగల ఇంటికండీ. నెత్తురు పడ్డ చోటు కదా."

"ఏసినం. నీకేంది దాని ఫికర్? ఎందుకు కొట్టినవో చెప్పు."

"ఆ ఇల్లు మా నాన్న కట్టాడండీ. అరవై ఏళ్ళ నాడు, సినిమా కోసం. దుంగకి గాడి కోసి, ఆ గాడిలో ఇంకో దుంగ కూర్చాడు. ఒక్క మేకు కూడా కొట్టకుండా..."

"కథలు చెప్పకు."

"కథ కాదండీ! అడుగు వరస దుంగలు పుచ్చిపోయాయి. ఇల్లంతా జాకీలు పెట్టి ఎత్తి, అవి తీసి కొత్తవి వెయ్యాలి. రెండు నెలల పని. ఈ లియో ఏం చేశాడు? పుచ్చు మీద సిమెంటు మెత్తి రంగు కొట్టాడు. పాత ఇంటిని కాపాడామని బయట బోర్డు కూడా పెట్టారు."

"నిర్మాతకు లేని నొప్పి నీకెందుకు?"

"రేపు ఆ ఇంటి పై అంతస్తులో పాట షూటింగండీ. నలభై మంది డాన్సర్లు ఒక్కసారే ఎగురుతారు. ఆ దుంగల్లోకి వేలు పెడితే దిగిపోతోంది సార్!"

"చెప్పొచ్చు గదా?"

"ఎవరికి చెప్పలేదు? నిర్మాత త్రినాథరావుగారి కాళ్ళు పట్టుకున్నా. మేనేజరు గెంటేశాడు. లియోని బతిమాలా. ఒక్క రోజే కదా, ఆగుద్దిలే అన్నాడు. సుత్తి చేతికందింది."

"గట్లని చెయ్యి ఇరగ్గొడ్తవా?"

"నెత్తురు కారితేగానీ మీరు తాళం వెయ్యరు కదండీ."

"నోర్మూయ్... ఆగు, ఫోన్. హలో. ఆఁ... ఏందీ? రాసిచ్చిండా? సంతకం పెట్టిండా? సరే... లే అంతోనీ, నీ నసీబు మంచిగున్నది. నిచ్చెన మీదికెల్లి పడ్డనని దవాఖానల రాసిచ్చిండంట లియో. నువ్వు తాకనే లేదంట. ఇంటికి పో."

"మరి సీల్?"

"కేసే లేకుంటే సీల్ ఏంది? తీపిస్త. షూటింగోళ్ళు అప్పుడే రెండుసార్లు ఫోన్ చేసిండ్రు."

"వద్దండీ! అబద్ధం అది. నేనే కొట్టాను. రాసుకోండి."

"పిచ్చి లేసిందా? ఇడిచిపెడ్తుంటే జైలుకు పోతనంటవ్! నీ కోసం వాడెందుకు అబద్ధం చెప్తడు?"

"నా కొడుకండీ వాడు. నన్ను కాపాడుకుంటున్నాడు. వాడి మాట వినకండి సార్, నలభై మంది చస్తారు. కేసు రాయండి... రాయరా? అయితే ఆసుపత్రికి పోయి వాడి రెండో చెయ్యి కూడా విరగ్గొట్టి వస్తా."