బానెట్టులో చెట్టు

కారు కడుగుతుండగా నెత్తిన కొబ్బరికాయ పడి ఆమె భర్త పోయాడు. ఏడాదిగా ఆ కారునెవరూ ముట్టుకోలేదు. ఇవాళ మరిది రబ్బింగ్ కాంపౌండు తెచ్చి, వెలిసిపోయిన రంగును రుద్దుతుంటే ఆమె అరుగు మీంచి చూస్తోంది.

"ఓసారి ఇలా రండి వదినగారూ, బానెట్టు అద్దంలా వచ్చేసింది."

"ఆయ్, బాగుందండి. అందులో ఆ నీడేంటి?"

"కొబ్బరిచెట్టేనండి. గెల కూడా ఎంత చక్కగా కనపడుతోందో!"

"ఏ చెట్టండీ? మీ అన్నయ్యగారి పెద్దదినం కాకుండానే కొట్టించేసేం కదా!"

అతను తలెత్తాడు. ఆమె కూడా చూసింది. పైన ఉత్త ఆకాశమే ఉంది.

"మరి ఇందులో గెల ఊగుతోందేంటండి?"

"మరిదిగారూ, ఆ గుడ్డ అక్కడ పడేసి ముందు ఇవతలకి వచ్చేయండి."

అతను బానెట్టు మీదికి ఇంకా వంగాడు.

"ఉండండి వదినగారూ... ఈ కాయ పెద్దదవుతోందేంటండి?"