ఎల్డన్ చెయ్యి

లూనెన్‌బర్గ్ రేవు పక్కనున్న ప్రదర్శనశాలకు ఇంకా జనం రాలేదు. గోడ మీది నిలువెత్తు ఫోటోలో ఎల్డన్ అనే ముసలి జాలరి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దాని ముందు అతని భార్యా, ఆ ఫోటో తీసిన అమ్మాయీ నిలబడ్డారు.

“గడ్డంలో వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. చూడగానే నువ్వు తీసిందని ఎవరైనా చెప్పేస్తారు.”

“అందుకే పాత చెక్క కెమెరా వాడతానండీ. ఆరు సెకన్లు కదలకుండా కూర్చోవాలి.”

“మరి ఎల్డన్ చెయ్యి వణికేది కదా, ఎలా ఆగింది?”

“చొక్కా కింద పట్టీ వేసి కుర్చీకి కట్టాను. ఆయనే కట్టమన్నారు.”

“అంటాడు. ఎవరేం అడిగినా కాదనే మనిషి కాదు. కట్టకుండా తీసింది లేదా?”

“ఒకటుందండీ, చెడిపోయింది. చెయ్యి ఉండాల్సిన చోట పొగలా ఉంది. అలాంటిది నా పేరుతో గోడకెక్కించను.”

“గోడకొద్దులే. నాకివ్వు.”

“ఇది బాగాలేదాండీ?”

“ముఖం ఆయనదే. ఏడేళ్లు ఆ చేతికి నేనే బొత్తాలు పెట్టాను. సాయంత్రమైతే దాన్ని పట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. నా చేతిలో అది ఆడుతూనే ఉండేది.”

“ఫోటో కోసమే కదండీ కట్టాను.”

“తప్పు పట్టడం లేదమ్మాయ్. ఆ చెయ్యి కదలకుండా ఉండగా నేను పట్టుకుంది ఒక్కసారే, ఆయన పోయిన పొద్దున. దాన్నే నువ్వు ఇంతెత్తున గోడకి తగిలించావు.”