మైసమ్మ రాయి దగ్గరి అర్జెంటీనా సీసా

నా పేరు పెంటయ్య. తండ్రి పేరు సోమయ్య, బతికి లేడు. నా వయసు యాభై ఎనిమిది. ఏడో తరగతి దాకా చదివాను. మైలార్‌దేవ్‌పల్లిలో కిరాయికి ఉంటున్నాను. శంషాబాద్ విమానాశ్రయం దగ్గర విదేశీ సరుకు నిలవ చేసే గోదాములో లోడింగ్ మేస్త్రీగా పదకొండేళ్ల నుంచి పనిచేస్తున్నాను. నన్నెవరూ పిలవలేదు. ఈ రోజు, 17-5-2025 శనివారం, ఉదయం తొమ్మిదింటికి నేనే స్టేషన్‌కు వచ్చి ఎస్సై జగదీశ్ గారిని కలిశాను. కనపడకుండా పోయిన వైన్ సీసా గురించి నాకు తెలిసింది చెబుతున్నాను.

మా గోదాములో సుంకం కట్టేదాకా సరుకుకు కస్టమ్స్ వారి తాళం ఉంటుంది. లోపలి వస్తువు ఏదైనా వారికి తెలియకుండా గేటు దాటకూడదు, పగిలిన పెంకైనా సరే. ఈ నియమం నాకు తెలుసు. కొత్తవాళ్లకు దాన్ని నేర్పేది నేనే.

మంగళవారం, 13వ తేదీ, మధ్యాహ్నం పన్నెండున్నరకు అర్జెంటీనా దేశం నుంచి ఎర్ర వైన్ నలభై డబ్బాలు వచ్చాయి. మేనేజర్ అరుణ్‌కుమార్ గారు మమ్మల్ని నిలబెట్టి జాగ్రత్తలు చెప్పారు. ఆ తోటలు కొండల్లో రెండు వేల మీటర్లకు పైన ఉంటాయట. పగలు ఎండ మాడ్చేస్తుంది, రాత్రి చలి కొరుకుతుంది. వాన దాదాపు ఉండదు. మంచు కరిగిన నీళ్లు కాలువల్లో తోటకు వస్తాయి. ఆ ఎండకు ద్రాక్ష తొక్క మందమై రంగు నల్లబడుతుందని చెప్పారు. ఆ ద్రాక్ష పేరు మాల్బెక్. రెండుసార్లు అడిగి గుర్తు పెట్టుకున్నాను.

"ఏంది పెంటయ్య బాపు, పేరు రాసుకుంటవా? మనుమనికి పెడ్తవా ఏంది?" అని రేఖ నవ్వింది. రేఖ మా ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్, బడంగ్‌పేట్ నుంచి వస్తుంది. ఆమె ఉద్యోగం పక్కా చేసే కాగితం ఈ సోమవారం రావాలి.

నేను ఎందుకు అడిగానో చెబుతాను. ఇప్పుడు గోదాము ఉన్న నేలలో మా అంగూర్ తోట, అదే ద్రాక్షతోట, ఉండేది. మా నాయన పందిరి వేశాడు. నేను ఇరవై ఏళ్లు చేశాను. సగం తెల్లవి, సగం నల్లవి. కోతకు ముందు వాన పడితే గుత్తులు పగిలేవి. వాన పడని చోట తోట అంటే ఎట్లా ఉంటుందో వినాలనిపించింది. 2005లో విమానాశ్రయం కింద భూమి పోయింది. తోట మూలన ఉన్న మైసమ్మ రాయిని మాత్రం గోదాము కట్టినవాళ్లు కదిలించలేదు. చుట్టూ చిన్న గద్దె కట్టించారు. ప్రతి మంగళవారం నేను అక్కడ దీపం పెడతాను. ఇది మేనేజర్ గారికి, కాపలా మధుకు తెలుసు.

ఆ రోజు చల్లగది తలుపు ఇరుక్కుపోయింది. మెకానిక్‌కు నేను ఫోన్ చేయడం ఆలస్యమైంది. గంటన్నర సేపు డబ్బాలు ఎండలో ఉన్నాయి. ఇది నా తప్పు, రేఖది కాదు. రెండూ పదికి ఆమె డబ్బాలను లోపల అరలో పెట్టి వెళ్లిపోయింది. రెండూ నలభైకి నేను చూడబోతే కింది వరసలో ఒక డబ్బా మూల తడిసి ఉంది. విప్పాను. ఒక సీసా బిరడా సగం పైకి లేచి ఉంది. మెడ మీదుగా వైన్ కారుతోంది. ఎవరూ తీయలేదు. దానంతట అదే లేచింది.

అట్లాంటి సీసాను తట్టలో పెట్టాలి, ఫోటో తీయాలి, రిజిస్టరులో రాయాలి. నేను ఆ మూడూ చేయలేదు. మా తోటలో మొదటి గుత్తి ఎవరూ నోట్లో వేసుకునేవాళ్లు కాదు. దాన్ని తెంపి మైసమ్మ రాయి మీద పిండేవాళ్లం. ఆ తర్వాతే కోత. 2005 నుంచి ఆ రాయి మీద అంగూర్ రసం పడలేదు. ఆ రోజు మంగళవారం. సీసా తనంతట తాను తెరుచుకుంది. అది అమ్మ అడిగిందనే అనుకున్నాను. ఇప్పుడు కూడా అట్లాగే అనుకుంటున్నాను.

రెండూ యాభైకి సీసాను తువాలులో చుట్టి పక్క తలుపు నుంచి గద్దె దగ్గరికి పోయాను. రాయి మీద పోశాను. రాయి నల్లగా అయింది. సీసాలో నీళ్లు నింపి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, వేపమండ గుచ్చి రాయి పక్కన నిలబెట్టాను. దాచాలని పసుపు పూయలేదు. అక్కడ పెట్టే చెంబుకైనా ముంతకైనా పసుపు పూస్తాం. అమ్మకు ఇచ్చింది నలుగురికి చెప్పుకోవడం మా ఇంట్లో లేదు. అందుకే రిజిస్టరులో రాయలేదు. ఆ సాయంత్రమే సెలవు మీద షాద్‌నగర్‌లో పెళ్లికి పోయాను. పెళ్లి బాగా జరిగింది.

నిన్న శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఇంటికి చేరాను. మధు ఫోన్ చేశాడు. "అన్నా, నీకు ఎరుక లేదా? సీసా పోయింది. రేఖనే తీసిందని గేటు పాసు గుంజుకున్నరు. పిల్లను ఇంటికి పంపిన్రు," అన్నాడు. కెమెరాలో ఆ అర దగ్గర కనపడింది ఆమె ఒక్కతేనట. నేను డబ్బా విప్పింది అర వెనక, పక్క తలుపు వైపు నుంచి. అటు కెమెరా లేదు. కంపెనీ వాళ్లు ఫిర్యాదు ఇచ్చారని అప్పుడే తెలిసింది.

నా భార్య రేణుకమ్మతో సంగతి చెప్పాను. "అమ్మకు కల్లు దొరకలేదా, పరదేశపుది పోసినవు? ఇగ పొద్దుగాల్నే పోయి చెప్పు. ఆ పిల్ల ఉసురు మనకొద్దు," అంది. అన్నం పెట్టింది. తిన్నాను. నిద్ర బాగానే పట్టింది, పొద్దున చెప్పేస్తాను కనుక.

ఈ రోజు పది గంటలకు ఎస్సై గారిని, అరుణ్‌కుమార్ గారిని గద్దె దగ్గరికి తీసుకుపోయాను. ఇద్దరూ బూట్లు విప్పి ముందు దండం పెట్టారు. తర్వాత సీసా ఎక్కడని అడిగారు. చూపించాను.

"నిన్న నేను ఇక్కడే నిలబడి సీసా దొరకాలని మొక్కుకున్నానండీ," అన్నారు మేనేజర్ గారు.

"దొరికింది కద సార్," అన్నాను.

కానిస్టేబుల్ సీసాను ముట్టుకోవడానికి జంకాడు. నన్నే తీయమన్నారు. అమ్మకు చెప్పి తీశాను.

"నిజం చెప్పు పెద్దాయనా, తాగినవా?" అని ఎస్సై గారు అడిగారు.

తాగాను. పోసిన తర్వాత సీసా అడుగున మిగిలింది చేతిలోకి వంచుకుంటే చారెడు. ప్రసాదమని తీసుకున్నాను. అది తియ్యగా లేదు. మా నల్ల అంగూర్లలో పందిరి మీద చివరిదాకా మిగిలి, ఎండకు ముడతపడ్డ పండు తొక్క నమిలితే ఒక వగరు వచ్చేది. అదే వగరు. అంత దూరపు కొండల మీద పండినా అదే వగరు. చెయ్యి మీద రంగు బుధవారం దాకా పోలేదు. పెళ్లిలో అందరూ గోరింటాకు అనుకున్నారు.

నా ఉద్యోగం సంగతి కస్టమ్స్ వారు తేల్చేదాకా పనికి రావద్దని మేనేజర్ గారు చెప్పారు. సరేనన్నాను. రేఖ పాసు ఆమె చేతికి వచ్చిన తర్వాతే ఈ వాంగ్మూలం మీద సంతకం పెడతానని కూడా చెప్పాను. ఆమెను పిలిపించారు. పదకొండూ నలభైకి, స్టేషన్‌లో ఈ గదిలోనే, మేనేజర్ గారు పాసు ఇచ్చారు. సోమవారం కాగితం ఆగదని కూడా అన్నారు. ఆమె పాసు మెడలో వేసుకుని తిప్పి ఫోటో చూసుకుంది.

"బాపు, ఈసారి అమ్మ ఏమన్న అడిగితే జర నాకు చెప్పి ఇయ్యి," అంది.

"మంగళవారం దీపం ఎవలు పెడ్తరు మరి? నన్ను లోపలికి రానియ్యరు."

"నేను పెడ్త. వత్తులు ఏడున్నయో చెప్పు."

గద్దె వెనక డబ్బాలో ఉన్నాయని చెప్పాను.

సీసా పోలీసువారి స్వాధీనంలో ఉంది. అందులోని వేపమండ కేసు వస్తువు కాదని చెప్పి అడిగాను. ఇచ్చారు. రేఖ చేతికిచ్చాను.

పైన రాసింది నేను చెప్పిందే. ఎవరూ బెదిరించలేదు, ఆశ చూపలేదు. రాసింది నాకు వినిపించారు, నేను కూడా చదువుకున్నాను. ఒక్క చోట దిద్దించాను, మాల్బెక్ అనే పేరు తప్పు పడితే. మిగతాదంతా సరిగ్గా ఉంది.

(సంతకం)
పెంటయ్య
17-5-2025, మధ్యాహ్నం 12.15