వెక్కిరించినవాడి కుండీలు

తల్లి పోయాక ఆవిడ కుండీల్లో మొక్కలు ఎండిపోతాయన్న భయంతో, వాటిని తనింటికి తీసుకెళ్దామని వచ్చిన కూతురు కిటికీ ముందు ఆగిపోయింది.

“కొత్త చిగుళ్లేశాయే! నీళ్లెవరు పోస్తున్నారు నాన్నా?”

“దయ్యాలు.”

“ఆకులు కూడా తుడిచినట్టున్నాయి.”

“దుమ్ము పడితే తుడవరా? ఆ కుండీ కదపకు. వెలుతురు కోసం పొద్దున్నే అటు తిప్పాను.”

“కదపను, తీసుకెళ్లను కూడా. మా ఇంట్లో ఇంత కళగా ఉండవు.”

“ఆ మాట ముందే తెలిస్తే బస్సు ఖర్చు మిగిలేది.”

“మొక్కలకు మొహాలు కడిగి జడలేస్తోందని అమ్మని ఎప్పుడూ వెక్కిరించేవాడివి. ఇదంతా నీకెప్పుడు నేర్పింది?”

తండ్రి తడిగుడ్డ పిండి కిటికీ చువ్వ మీద ఆరేశాడు.

“నేర్పలేదు. వెక్కిరించాలన్నా, రోజూ కళ్లప్పగించి చూడాలి కదమ్మా.”