అందరికీ వెళ్లిన జవాబు

1995. క్యోటోలో ఒక విశ్వవిద్యాలయం కంప్యూటర్ గది. పొద్దున్నే విచ్చే అసగావో పూలు పెంచేవాళ్ల బృందాన్ని నడిపే కువబరా గారి ఎదురుగా, ఆ బృందంలో పెద్దవారైన సెగావా గారు కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నారు.

"నిన్నటిదాకా మన మెయిలింగ్ లిస్టు బదులు న్యూస్‌గ్రూప్ మాటెత్తితే ఒంటికాలిమీద లేచేవారు. ఇవాళ మీరే అది కావాలంటారేం, సెగావా గారూ?"

"మనసు మారింది, అంతే. అక్కడైతే రాసింది చెరిపేయొచ్చంటారు కదా?"

"చాలావరకు. జనమే అక్కడికొచ్చి చదువుకుంటారు కాబట్టి. మన మెయిలింగ్ లిస్టులో అలా కాదు. ఎవరి ఈమెయిల్ పెట్టెలో వాళ్లకి వెళ్లి పడిపోతుంది."

"పడ్డదాన్ని మీరు వెనక్కి తీయలేరా?"

"లేను."

"నడిపేది మీరే కదండీ!"

"నడిపితే మాత్రం? అందరి పెట్టెల తాళాలూ నా దగ్గరుంటాయా? ఇంతకీ ఏం రాశారు?"

"మీకే రాశాను. మీ ఒక్కరికే. మీ ఉత్తరానికి జవాబు."

"అది లిస్టులో వచ్చిన ఉత్తరం కదా. జవాబు నొక్కితే..."

"అందరికీ పోతుంది. తెలుసు. కొత్తగా చేరినవాళ్లకి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేది నేనే. ఆ కంగారులో... చూసుకోకుండా నొక్కేశాను."

"నేనింకా చూడలేదు. ఏముంది అందులో?"

"మా హత్సుయేది అల్సర్ కాదని. క్యాన్సరని. డాక్టరు నాకే చెప్పాడు, తనకి చెప్పొద్దన్నాడు. ఈ ఏడు పూలు చూస్తుందేమో గానీ విత్తనాలు కోయదని... అదీ రాశాను."

"అయ్యో! మీ ఆవిడ కూడా మన లిస్టులో ఉన్నారు కదండీ!"

"ఉంది కాబట్టే కదా ఈ ఏడుపు! నీరసంగా ఉందని పడుకుంది, ఇంకా కంప్యూటర్ దగ్గరికెళ్లలేదు. దాని పాస్‌వర్డ్ నాకు తెలీదు. ఏదో ఒకటి చెయ్యండమ్మా. నేలకి తల ఆనించమన్నా ఆనిస్తాను."

"లేవండి, లేవండి... ఉండండి, ఫోన్. హలో, కువబరా."

"నేనండీ, హత్సుయేని. ఆయన అక్కడే ఉన్నారు కదూ? నా పేరు పలక్కండి."

"...చెప్పండి."

"చదివాను. చదవకపోయినా తెలుసు, వసంతం నుంచీ తెలుసు. నాకు తెలుసని తెలిస్తే మాత్రం ఆయన తిండి మానేస్తారు. ఎలాగోలా ఆపేశామని చెప్పండి. మిగతావాళ్లు నోరు మెదపకుండా చూడండి."

"అలాగే... అలాగేనండి."

"ఎవరండీ?"

"మెయిళ్లు పంపే సర్వర్ గది నుంచి. మీ ఉత్తరం... మీ ఇంటికి చేరకముందే ఆగిపోయిందట."

"ఆగిందా? నిజంగా? బతికించారు తల్లీ! మరింకా న్యూస్‌గ్రూప్ ఎందుకండీ మనకి, ఈ లిస్టే మంచిది!"