మంచు ఆరేదాకా

మేకల దొడ్లోకి బేరానికి వచ్చిన వ్యాపారి, పెద్ద మేక కంటి కింది రెప్ప లాగి చూసి బేరం మాట మింగేశాడు.

"ఎర్రగా ఉండాల్సింది సున్నం కొట్టినట్టుంది చెల్లెమ్మా. కడుపులో పురుగులు నెత్తురు పీల్చేస్తున్నాయి. దవడ కింద నీరు కూడా దిగింది."

"మేత బాగానే తింటోంది అన్నయ్యా."

"ఎప్పుడు తోలుతున్నావు?"

"తెల్లారగానే."

"మంచులోనా? తడిగడ్డి కొసలకేగా పురుగుపిల్లలు పాకేది! బావ బతికుండగా పొద్దెక్కితే గాని దొడ్డి తలుపు తీసేవాడు కాదు. బద్ధకస్తుడని అందరం నవ్వాం. ఆయన మందలో ఈ జబ్బు ఏనాడూ చూళ్ళేదు."

"నాకూ తెలుసు."

"తెలిసీ తోలావా?"

"గడ్డి ఆరేదాకా ఇద్దరం ఈ తలుపు దగ్గరే టీ తాగుతూ కూర్చునేవాళ్ళం. చెప్పిందే చెప్పేవాడు మహానుభావుడు. ఇప్పుడా వేళకి ఇంట్లో ఉండలేకపోతున్నాను."

వ్యాపారి మేక వీపు నిమిరాడు.

"వీటిని అమ్మకు. మందు నేను తెస్తాను. కానీ రేపట్నించి మంచు ఆరేదాకా కూర్చోవాలి మరి."

"ఎలా కూర్చోను? ఇప్పటికీ రెండు గ్లాసులకి నీళ్ళు పెట్టేస్తున్నాను."

"పెట్టుకో. ఆ రెండోదీ నువ్వే నెమ్మదిగా తాగు తల్లీ. అది అయ్యేసరికి గడ్డి ఆరుతుంది."